లినక్స్ డెస్క్‌టాప్‌కు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం: తిరిగి తెచ్చుకోవడంతో మొదలుపెట్టే పద్ధతి

ఒడిశా సరిహద్దు పట్టణాలైన పర్లాకిమిడి, గుణుపురం, రాయగడలలోని తెలుగు ఇళ్లలో కంప్యూటరు చెడిపోతే మళ్లీ ఎక్కడా దొరకనివి కొన్ని ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుచేత తాతల నాటి దస్తావేజులు తెలుగులోనూ, తరువాతి పట్టాలు ఒడియాలోనూ ఉన్న కుటుంబాలు మా చుట్టుపక్కల ఇప్పటికీ కనిపిస్తాయి. కాగితం పెళుసెక్కి మడతల దగ్గర చిరుగుతున్నందున వాటిని స్కాన్ చేసి దాచుకున్నవారూ ఉన్నారు. ఆ స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లి ఫోటోలు, చిన్న డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి టైపు చేసిన పుస్తకాలు అన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉండడమే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పిన భయం.

లినక్స్‌లో బ్యాకప్ సాఫ్ట్‌వేర్లకు కొదవ లేదు. అవి ఎన్ని సదుపాయాలిస్తాయో చూసి ఎంచుకోవడం కన్నా, పోయిన ఫైలును ఎవరు, ఎక్కడ, ఏ స్థితిలో తిరిగి తెచ్చుకోవలసి వస్తుందో ముందు ఊహించి ఎంచుకోవడం మేలని నా అనుభవం. ఒకప్పుడు నా కంప్యూటరులో ప్రతి వారమూ బ్యాకప్ సక్రమంగా జరిగేది, ఏ పొరపాటు సందేశమూ వచ్చేది కాదు. డిస్కు పాడైన రోజున తెరిచి చూస్తే హోమ్ ఫోల్డర్ (యూజరు సొంత ఫైళ్లకు లినక్స్ కేటాయించే ఫోల్డర్) మొత్తం ఉంది గాని స్కాన్లు ఒక్కటీ లేవు. వాటిని నేను వేరే పార్టిషన్‌లో, అంటే డిస్కును విభజించి చేసిన మరొక భాగంలో, పెట్టుకున్నాను, సాఫ్ట్‌వేర్ హోమ్ ఫోల్డర్ ఒక్కదానినే కాపీ చేస్తూ వచ్చింది. చెప్పిన పని అది చేసింది, చెప్పవలసినది నేను చెప్పలేదు. మొదటి వారంలోనే ఒక్క దస్తావేజును తిరిగి తెచ్చి చూసి ఉంటే ఆ లోపం బయటపడేది.

ముందుగా తేల్చుకోవలసినది

కంప్యూటరులో రెండు వేరువేరు ఆస్తులు ఉన్నాయని గుర్తిస్తే సగం తికమక తీరుతుంది. ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్, అంటే లినక్స్, దాని ప్రోగ్రాములు, సెట్టింగులు. అది పోతే ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌తో ఒక పూటలో మళ్లీ తయారవుతుంది. రెండవది మీ సొంత ఫైళ్లు. అవి పోతే డబ్బు పెట్టినా రావు. మొదటిదానికి తగిన సాఫ్ట్‌వేర్ రెండవదానికి తగదు, రెండవదానికి తగినది మొదటిదానికి చాలదు. అన్నిటికీ ఒకే సాఫ్ట్‌వేర్ కోసం వెతికేవారు చివరికి ఏదీ పెట్టుకోకుండా మిగిలిపోవడం నేను చూశాను. అందుచేత రెండు చిన్న సాఫ్ట్‌వేర్లు పెట్టుకొమ్మనే నా సలహా.

డిస్కును సిద్ధం చేయడం

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు డిస్కు. మీ సొంత ఫైళ్ల మొత్తం పరిమాణానికి కనీసం రెట్టింపు ఉన్న బయటి హార్డ్ డిస్కు తీసుకోండి. 200 జీబీ ఫైళ్లు ఉన్నవారికి 500 జీబీ డిస్కు సరిపోతుంది, 1 టీబీ అయితే పాత ప్రతులను ఎక్కువ కాలం ఉంచుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఒక ఊరి నుంచి మరొక ఊరికి ఫైలు మోయడానికి వాడండి గాని, దాచుకోవడానికి మాత్రం దాని మీద ఆధారపడకండి.

కొత్త డిస్కు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తుంది. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు, కాబట్టి పెళ్లి వీడియో ఒక్కటే దానిని ఆపేస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ ఇబ్బంది లేదు గాని, లినక్స్ ఫైళ్ల యజమాని ఎవరు, ఎవరికి ఏ అనుమతి ఉంది అన్న వివరాలను అది దాచలేదు. తరువాత చెప్పబోయే టైమ్‌షిఫ్ట్, బ్యాక్ ఇన్ టైమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఆధారపడే హార్డ్ లింకులూ (ఒకే ఫైలుకు అనేక పేర్లు తగిలించడం) అందులో కుదరవు. కాబట్టి బ్యాకప్ కోసం కేటాయించిన డిస్కును ‘డిస్క్స్’ అనే ప్రోగ్రాము తెరిచి ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. అక్కడే పాస్‌వర్డ్ రక్షణ కోరితే ఎల్‌యూకేఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌తో, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలో, తయారవుతుంది. భూమి కాగితాలూ ఆధార్ ప్రతులూ ఉన్న డిస్కుకు అది అవసరమనే నేను అంటాను. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది గనుక, ఎంచుకున్నది సరైన డిస్కేనా అని పేరునూ పరిమాణాన్నీ రెండుసార్లు చూసుకోండి.

ఈఎక్స్‌టీ4 డిస్కును విండోస్ కంప్యూటరు మామూలుగా చదవదు. డీటీపీ పని చేసేవారు అదే డిస్కును ప్రెస్సుకు పట్టుకెళ్లవలసి వస్తే, దానిని రెండు పార్టిషన్లుగా విభజించి, పెద్దదానిని ఈఎక్స్‌టీ4గా బ్యాకప్‌కూ, చిన్నదానిని ఎక్స్‌ఫ్యాట్‌గా రాకపోకలకూ ఉంచుకోవచ్చు. అయితే బ్యాకప్ డిస్కు ఊరంతా తిరగకపోవడమే క్షేమం.

సిస్టమ్‌కు టైమ్‌షిఫ్ట్

ఇక్కడ ఎక్కువ ఆలోచన అక్కరలేదు. లినక్స్ మింట్ వాడేవారికి టైమ్‌షిఫ్ట్ ముందే ఇన్‌స్టాల్ అయి ఉంటుంది, 2022 నుంచి దాని నిర్వహణను మింట్ బృందమే చూస్తోంది. ఉబుంటు, డెబియన్ వాడేవారు తమ సాఫ్ట్‌వేర్ కేంద్రం నుంచే తెచ్చుకోవచ్చు. మొదటిసారి తెరిచినప్పుడు ఆర్‌సింక్, బీటీఆర్ఎఫ్ఎస్ అని రెండు పద్ధతులు చూపుతుంది. మీ లినక్స్ ఈఎక్స్‌టీ4 మీద ఉంటే, చాలామందికి అలాగే ఉంటుంది, ఆర్‌సింక్ ఎంచుకోండి. రోజువారీ స్నాప్‌షాట్లు (ఆ సమయానికి సిస్టమ్ ఎలా ఉందో దాని ప్రతులు) రెండు, వారానివి రెండు చాలు. మొదటి స్నాప్‌షాట్ సిస్టమ్ ఎంత ఉందో అంత చోటు తీసుకుంటుంది, తరువాతివి మారిన ఫైళ్లకు మాత్రమే కొత్త చోటు తీసుకుంటాయి.

టైమ్‌షిఫ్ట్ తనంతట తాను హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది. దానిని లోపమని భావించి, సెట్టింగులలో హోమ్‌ను చేర్చేవారు ఉన్నారు. అలా చేయవద్దు. ఒక అప్‌డేట్ వికటించి మీరు సిస్టమ్‌ను నాలుగు రోజులు వెనక్కి తీసుకెళ్తే, హోమ్ కూడా చేర్చి ఉన్నప్పుడు ఆ నాలుగు రోజుల్లో రాసుకున్నదంతా వెనక్కే పోతుంది. కంప్యూటరు అసలు తెరుచుకోకపోతే మింట్‌ను ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా, అంటే పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తోనే, ప్రారంభించి, అందులోని టైమ్‌షిఫ్ట్‌కు స్నాప్‌షాట్లు ఉన్న డిస్కును చూపి రీస్టోర్ చేయవచ్చు. కాబట్టి ఆ పెన్‌డ్రైవ్‌ను చెరిపేయకుండా ఒక పక్కన దాచండి. స్నాప్‌షాట్లు కంప్యూటరు లోపలి డిస్కులోనే ఉంటే అప్‌డేట్ పొరపాట్ల నుంచి కాపాడతాయి గాని, ఆ డిస్కే చెడిపోతే వాటితోపాటే పోతాయని మరువకండి.

మొత్తం డిస్కును ఉన్నదున్నట్టుగా ప్రతి తీయాలనుకునేవారికి క్లోన్‌జిల్లా, దానికన్నా సులువుగా కనిపించే రెస్క్యూజిల్లా ఉన్నాయి. పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు మారేటప్పుడు అవి బాగా పనికొస్తాయి. రోజువారీ బ్యాకప్‌కు అవి ఉద్దేశించినవి కావు.

సొంత ఫైళ్లకు మూడు దారులు

అసలు ఎంపిక ఇక్కడ ఉంది. బొమ్మల తెరతో, కమాండ్లు టైపు చేయనక్కరలేకుండా నడిచేవాటిలో మూడింటిని నేను వాడి చూశాను. ఏది గొప్పది అన్న వాదన కన్నా, ఏది ఎవరికి అన్నది చెప్పడం ఉపయోగం.

మొదటిది డేజా డప్. మెనూలో ‘బ్యాకప్స్’ అన్న పేరుతో కనిపిస్తుంది. ఏ ఫోల్డర్లు దాచాలి, ఏవి వదలాలి, ఎక్కడ దాచాలి, ఎంత కాలం ఉంచాలి, దాదాపుగా ఇంతే అడుగుతుంది. పాస్‌వర్డ్ పెడితే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, బయటి డిస్కులోనే గాక గూగుల్ డ్రైవ్‌లో కూడా దాచగలదు. దీనిలో రెండు విషయాలు గమనించాలి. మామూలుగా అది హోమ్ ఫోల్డర్‌ను తీసుకొని అందులోని చెత్తబుట్టనూ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నూ వదిలేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన పత్రాలన్నీ డౌన్‌లోడ్స్‌లోనే వదిలేసే అలవాటు మనలో చాలామందికి ఉంది గనుక, ఆ మినహాయింపును తొలగించండి, లేదా ముఖ్యమైనవాటిని అక్కడి నుంచి బయటికి తెచ్చి పెట్టండి. రెండవది, అది దాచిన డిస్కును ఫైల్ మేనేజర్‌లో తెరిస్తే మీ ఫోటోలు కనిపించవు, అర్థంకాని పేర్లతో ముక్కలు మాత్రమే ఉంటాయి. ఏది కావాలన్నా డేజా డప్ ద్వారానే తీయాలి. దీన్ని బాగా నడిపే మనిషి ఇంట్లో ఒకరే ఉంటే, ఆ మనిషి ఊళ్లో లేని రోజున ఏమవుతుందో ఆలోచించండి.

రెండవది బ్యాక్ ఇన్ టైమ్. దీని తెర కొంచెం పాతబడినట్టు కనిపిస్తుంది, మొదటి సెట్టింగుల పెట్టెలో ట్యాబులు ఎక్కువ. అయినా ఇంటి పెద్దల కంప్యూటర్లకు నేను పెట్టేది ఇదే. కారణం ఒక్కటే: ఇది ప్రతి బ్యాకప్‌ను తేదీ పేరుతో మామూలు ఫోల్డర్‌గా దాచుతుంది. సాఫ్ట్‌వేర్ లేకపోయినా, మరొక లినక్స్ కంప్యూటరుకు డిస్కు తగిలించి ఆ తేదీ ఫోల్డర్ తెరిస్తే దస్తావేజు దాని పేరుతోనే అక్కడ ఉంటుంది, కాపీ చేసుకుంటే చాలు. ప్రతి తేదీలోనూ అన్ని ఫైళ్లూ కనిపిస్తున్నా డిస్కు వెంటనే నిండిపోదు, ఎందుకంటే మారని ఫైలును మళ్లీ కాపీ చేయక, ఉన్న ఫైలుకే ఇంకొక పేరు తగిలిస్తుంది. ఒకే మనిషిని ఒక ఇంట్లో ‘అన్నయ్య’ అనీ మరొక ఇంట్లో ‘బావ’ అనీ పిలిచినట్టు, పేర్లు అనేకమైనా ఫైలు ఒక్కటే. దీనినే హార్డ్ లింక్ అంటారు. ఇందులోని బలహీనత కూడా అక్కడే ఉంది. డిస్కులో ఆ ఒక్క చోటు చెడితే అన్ని తేదీలలోనూ ఆ ఫైలు చెడుతుంది, కాబట్టి ఇరవై తేదీలు కనిపిస్తున్నాయని ఇరవై ప్రతులు ఉన్నట్టు భావించకూడదు. దీనిలోని ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఎన్‌క్‌ఎఫ్ఎస్ అనే పాత పద్ధతి మీద ఆధారపడుతూ వచ్చింది, దానిలో భద్రతా లోపాలు బయటపడ్డాయి. అందుచేత దానిని వాడక, పైన చెప్పినట్టు డిస్కునే ఎల్‌యూకేఎస్‌తో తయారు చేసుకోండి.

మూడవది పైకా బ్యాకప్. దీని వెనుక పనిచేసేది బోర్గ్ అనే సాఫ్ట్‌వేర్, పైకా దానికి సులువైన ముఖం. బోర్గ్ ఫైళ్లను ముక్కలుగా విడదీసి, ఒకే రకం ముక్క ఎన్ని చోట్ల ఉన్నా ఒక్కసారే దాచుతుంది. ఒక ఫోల్డర్ పేరు ‘పెళ్లి’ నుంచి ‘పెళ్లి 2023’ అని మార్చారనుకోండి. బ్యాక్ ఇన్ టైమ్ అందులోని 40 జీబీనీ కొత్తదిగా భావించి మళ్లీ కాపీ చేస్తుంది, బోర్గ్ ముక్కలను గుర్తుపట్టి దాదాపుగా ఏమీ రాయకుండానే ముగిస్తుంది. ఫోటో స్టూడియో నడిపేవారికీ, ఫైళ్లను తరచు అటూ ఇటూ సర్దేవారికీ ఇది డిస్కు ఖర్చును ఎంతో తగ్గిస్తుంది. ఎన్‌క్రిప్షన్ బలమైనది, పాత బ్యాకప్‌లను ఫైల్ మేనేజర్‌లో ఫోల్డర్లుగా తెరిచి చూపుతుంది, డిస్కు తగిలించగానే మొదలుపెట్టేటట్టు పెట్టుకోవచ్చు. ఏ రకం లినక్స్‌కైనా ప్రోగ్రాములిచ్చే ఫ్లాట్‌హబ్ నుంచి వస్తుంది గనుక మింట్‌లోనూ ఫెడోరాలోనూ ఒకే తీరుగా నడుస్తుంది. కేడీఈ డెస్క్‌టాప్ వాడేవారికి ఇదే బోర్గ్‌కు వోర్టా అనే మరొక ముఖం ఉంది. పాస్‌వర్డ్ మరిచిపోతే మాత్రం ఎవరూ తెరవలేరు, ‘మరిచిపోయాను’ అన్న మీట ఎక్కడా ఉండదు.

నా తీర్పు ఇది. ఇంటి కాగితాలూ ఫోటోలూ మాత్రమే ఉండి, రేపు మరొకరు తెరవవలసి రావచ్చనుకుంటే బ్యాక్ ఇన్ టైమ్. పెద్ద ఫైళ్లూ గోప్యతా రెండూ ముఖ్యమైతే పైకా. సెట్టింగుల జోలికి అసలు వెళ్లలేనివారికి డేజా డప్. మూడింటిలో ఏదైనా ఒక్కటే పెట్టుకోండి. రెండు పెట్టుకుంటే దేనిలో ఏది ఉందో ఆరు నెలల తరువాత మీకే గుర్తుండదు.

చేర్చవలసినవి, తెలుగు పేర్ల సంగతి

సాఫ్ట్‌వేర్‌కు ఫోల్డర్ల జాబితా ఇచ్చేముందు ఫైల్ మేనేజర్ తెరిచి కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కండి. చుక్కతో మొదలయ్యే పేర్లతో దాగి ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. థండర్‌బర్డ్ ఉత్తరాలు, ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు, ఫ్లాట్‌పాక్ (ఫ్లాట్‌హబ్ నుంచి వచ్చే) ప్రోగ్రాముల డేటా సాధారణంగా అక్కడే ఉంటాయి. హోమ్‌ను మొత్తంగా చేర్చితే అవి వస్తాయి, ‘డాక్యుమెంట్స్’ ఒక్కటే చేర్చితే రావు. బ్యాకప్ నడిచే సమయంలో థండర్‌బర్డ్‌నూ ఫైర్‌ఫాక్స్‌నూ మూసి ఉంచడం మంచిది. హోమ్ బయట వేరే పార్టిషన్ ఉందా అన్నది తప్పక చూడండి, నా స్కాన్లు పోయింది అక్కడే.

డీటీపీ వారు ఫాంట్లను మరువకూడదు. యూనికోడ్‌కు (అన్ని భాషలకూ ఒకే అక్షర సంకేతాల పద్ధతి) ముందు ‘అను’ వంటి ఫాంట్లలో టైపు చేసిన ఫైలు, ఆ ఫాంటు లేకుండా తెరిస్తే గజిబిజి గుర్తులుగా కనిపిస్తుంది. ఫైలు దాచి ఫాంటు దాచకపోతే పని సగమే అయినట్టు.

తెలుగులో పేర్లు పెట్టుకునేవారు తెలుసుకోవలసిన లెక్క ఒకటి ఉంది. ఈఎక్స్‌టీ4లో ఒక ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటు, యూనికోడ్ తెలుగులో ఒక్కొక్క గుర్తు మూడు బైట్లు. ‘శ్రీ’ అన్నది కంటికి ఒక్క అక్షరమే గాని శకారం, విరామం, రకారం, గుడిదీర్ఘం కలిసి నాలుగు గుర్తులు, అంటే 12 బైట్లు. ఈ లెక్కన తెలుగు పేరు 85 గుర్తుల దగ్గర ఆగిపోతుంది. ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసిన హోమ్ ఫోల్డర్లలో ఆ హద్దు 143 బైట్లు మాత్రమే, తెలుగులో 47 గుర్తులు. ‘తాతగారి పొలం దస్తావేజు సర్వే నంబరుతో సహా పాత రిజిస్ట్రేషన్ కాగితాలు’ అని వాక్యమంత పేరు పెట్టిన ఫైలు మామూలు కంప్యూటరులో ఇన్నాళ్లూ ఉండి, అటువంటి హోమ్‌లోకి రీస్టోర్ చేసినప్పుడు మొరాయించడానికి కారణం ఇదే. పేర్లు పొట్టిగా, వివరాలు ఫోల్డర్లలో ఉండేటట్టు చూసుకోండి. పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం వంటి గుర్తులు కూడా వద్దు, ఎక్స్‌ఫ్యాట్ వాటిని అంగీకరించదు.

తిరిగి తెచ్చి చూడడం

మొదటి బ్యాకప్ పూర్తయిన రోజునే, అది పూర్తయిందన్న సందేశాన్ని నమ్మి లేచిపోకుండా, మరొక గంట కేటాయించండి.

ముందు ఒక్క ఫైలుతో మొదలుపెట్టండి. తెలుగు పేరున్న ఒక స్కాన్‌ను ఎంచుకొని, అసలును చెరపకుండా, డెస్క్‌టాప్ మీద ‘పరీక్ష’ అనే కొత్త ఫోల్డర్ తయారుచేసి అందులోకి తీసుకురండి. పేరు చెక్కుచెదరకుండా వచ్చిందా, ఫైలు తెరుచుకుందా, పేజీలన్నీ ఉన్నాయా చూడండి. తరువాత పూర్తి ఫోల్డర్ ఒకటి అలాగే తెచ్చి, మెల్డ్ అనే ప్రోగ్రాములో అసలు ఫోల్డర్‌నూ తెచ్చిన ఫోల్డర్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చండి. తేడా ఉన్న ఫైళ్లను అది వేరే రంగులో చూపుతుంది. ఆ తరువాత ఒక ఫైలులో రెండు పంక్తులు మార్చి, మళ్లీ బ్యాకప్ నడిపి, మార్చక మునుపటి ప్రతిని వెనక్కి తెచ్చుకోగలరేమో చూడండి. పొరపాటున చెరిపి రాసిన సందర్భాలలో అక్కరకు వచ్చేది ఈ మూడవ పరీక్షే.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం, జనం చేయనిదీ అదే. డిస్కును మరొకరి లినక్స్ కంప్యూటరుకు తగిలించి, మీ కంప్యూటరు కాలిపోయిందనుకొని, అక్కడ ఒక ఫోల్డర్‌ను తెచ్చుకోండి. మరొక కంప్యూటరు లేకపోతే మీ కంప్యూటరునే లైవ్ పెన్‌డ్రైవ్‌తో ప్రారంభించి చేయవచ్చు. డిస్కు పాస్‌వర్డ్ నిజంగా గుర్తుందా, సాఫ్ట్‌వేర్ పాత బ్యాకప్‌ను గుర్తుపట్టిందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఫోల్డర్ కనిపిస్తున్నా ‘అనుమతి లేదు’ అని వస్తే కంగారుపడకండి. లినక్స్ ఫైలు యజమానిని పేరుతో గాక సంఖ్యతో గుర్తుంచుకుంటుంది, ఇన్‌స్టాల్ చేసినప్పుడు తయారైన మొదటి యూజరుకు ఉబుంటు, మింట్‌లలో ఆ సంఖ్య 1000. ఆ కంప్యూటరులో మీరు రెండవ యూజరు అయితే సంఖ్య 1001 అవుతుంది, ఫైళ్లు పరాయివిగా కనిపిస్తాయి. అడ్మినిస్ట్రేటరుగా ఫైల్ మేనేజర్ తెరిచి యజమానిని మార్చితే సరిపోతుంది.

ఈ నాలుగు పరీక్షలూ ఏడాదికి రెండుసార్లు చేయండి. మా ఇంట్లో సంక్రాంతి ముందొకసారి, వానలు మొదలయ్యే ముందొకసారి చేస్తాము.

మరొక ఊళ్లో ఒక ప్రతి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు, ఇంట్లోకి నీళ్లు చేరిన చోట కంప్యూటరూ, దాని పక్కనే బీరువా కింద అరలో ఉన్న బ్యాకప్ డిస్కూ ఒకే నీటిలో నానాయి. అప్పటి నుంచి రెండు డిస్కులు పెట్టుకొని, ఒకటి ఎప్పుడూ వేరే ఊళ్లో ఉండాలన్న నియమం మేము పాటిస్తున్నాము. పర్లాకిమిడి వారికి పాతపట్నం పక్కనే ఉంది, అక్కడ చుట్టాలూ ఉంటారు. అయితే అదే వాన, అదే గాలి అక్కడా పడతాయి. టెక్కలి, పలాస కూడా ఆ తుపాను దారిలోవే. రాయగడ, జయపురం వంటి లోపలి ఊళ్లలో గాని, మరీ దూరాన ఉన్న పిల్లల దగ్గర గాని ఉంచడం మేలు.

ఇంటర్నెట్‌లో దాచుకుంటే ఈ శ్రమ ఉండదు కదా అని అడిగేవారున్నారు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్ కూడా ఇమడాలి. చోటు కొనుక్కున్నా పైకి పంపే వేగం లెక్క చూడండి: సెకనుకు 5 మెగాబిట్ల వేగంతో 100 జీబీ పంపడానికి నిర్విరామంగా సుమారు 44 గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోకుండా ఉంటే. దస్తావేజుల స్కాన్లు, సర్టిఫికెట్లు కలిపి రెండు మూడు జీబీ మించవు గనుక, వాటిని మాత్రం డేజా డప్ ద్వారా ఎన్‌క్రిప్ట్ చేసి అక్కడ ఉంచుకోవచ్చు. ఒక్కటే పెట్టుకొమ్మన్న మాటకు నేను ఇచ్చే మినహాయింపు ఇది ఒక్కటే, అదీ ఫోల్డర్ పేరు ‘పత్రాలు’ అని వేరుగా ఉంచుకొని.

డిస్కుల మార్పిడికి పండుగ ప్రయాణాలు అనువైనవి. వెళ్లేటప్పుడు తాజా డిస్కు తీసుకెళ్లి, వచ్చేటప్పుడు పాతది తెచ్చుకోండి. డిస్కు మీద తేదీ, సాఫ్ట్‌వేర్ పేరు రాసిన చీటీ అంటించండి. పాస్‌వర్డ్‌ను మాత్రం ఆ చీటీ మీద రాయకండి. దానిని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో, ఇంగ్లీషులో ఏ అక్షరం పెద్దదో ఏది చిన్నదో తెలిసేటట్టు రాసి, అసలు దస్తావేజులు ఉన్న కవరులోనే పెట్టి, ఆ కవరు ఎక్కడ ఉందో ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచండి.